నలుగురు కూర్చుని చేసే చేతిపని – ముందు చేతిని చూసుకోండి



ఈ నెల పాఠాన్ని ఒక పొరపాటుతో మొదలుపెడుతున్నాను. పొరపాటు ఎవరిదో కాదు, నాదే.

నేను ఫిజియోథెరపీ పని చేసేదాన్ని. మా సంఘంలోని స్త్రీలం ఆరుగురం శనివారం భోజనాలయ్యాక మా ఇంటి వసారాలో కూర్చుని ఏదో ఒక కొత్త చేతిపని చేయడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. మాలో ఎవరికీ ఏ పనీ పూర్తిగా రాదు. ఒకరికి కుట్టు వచ్చు. ఒకరికి ముగ్గులు వచ్చు. ఒకామెకు చిన్నప్పుడు తాటాకు బుట్ట అల్లడం వచ్చేది గాని ఇప్పుడు సగం మరచిపోయింది. నాకైతే కాగితం తిన్నగా కత్తిరించడం కూడా రాదు. అయినా కూర్చునేవాళ్లం. కాగితపు నక్షత్రాలు చేశాం, గ్రీటింగు కార్డులు చేశాం, పాత గాజులకు దారం చుట్టి తోరణాలు కట్టాం. చాలావరకు వంకరగానే వచ్చేవి. వాటిని చూసి నవ్వుకోవడానికే సగం మధ్యాహ్నం అయిపోయేది.

ఒక డిసెంబరులో క్రిస్మస్‌కు కొవ్వొత్తులు మనమే పోసుకుందాం అనుకున్నాం. మైనం కరిగించి, కొబ్బరిచిప్పల్లో వత్తులు నిలబెట్టి పోశాం. ఆ రోజు అందరికంటే హుషారుగా చేసినది మాలో పెద్దావిడ. మేమంతా మామ్మ అని పిలుస్తాం. వయసు డెబ్బయికి దగ్గర. 15 ఏళ్లుగా షుగర్ ఉంది. భర్త పోయారు. కొడుకులు ఉద్యోగాలకని ఒకరు విశాఖ, ఒకరు హైదరాబాదు వెళ్లిపోయారు. వారం మొత్తంలో ఆవిడ నోరారా మాట్లాడేది ఆ శనివారం పూటే.

మరునాడు ఆరాధన అయ్యాక కొవ్వొత్తులు పంచుతుంటే ఆవిడ చేయి చూశాను. కుడిచేతి రెండు వేళ్ల చివర పెద్ద పొక్కులు. ఒకటి అప్పటికే చిట్లిపోయింది.

"ఏటి మామ్మా ఇది?"

"ఏటోనమ్మా, నాకేటీ తెలీనేదు. నొప్పి నేదు కదా, తగ్గిపోద్దిలే."

ఆ "నొప్పి నేదు" అన్న మాట వినగానే నాకు గుండె జారింది. షుగర్ ఎక్కువగా ఉన్న చేతికి ఆ పుండు మానడానికి 7 వారాలు పట్టింది. ఒక వేలికి చీము కూడా పట్టింది. విశాఖ నుంచి కొడుకు వచ్చి, "ఈ వయసులో నీకీ ఆటలేటమ్మా" అని కోప్పడ్డాడు. ఆయన కోపంలో తప్పు లేదు. పుండు మానింది. మామ్మ మాత్రం శనివారాలు రావడం మానేసింది.

ఇందులో నా తప్పు ఎక్కడుందో వివరంగా చెబుతాను. అసలు పాఠం అదే. మా విభాగంలో వేళ్లు బిగుసుకుపోయినవారికి మైనంతో కాపడం పెడతాం. ఆ మైనాన్ని వేడి తగ్గించి, 50 డిగ్రీలు కాస్త దాటేలా మాత్రమే ఉంచుతాం. చేయి అందులో ముంచకముందు ఆ చేతికి స్పర్శ, వేడి చల్లన తెలుస్తున్నాయో లేదో పరీక్షిస్తాం. తెలియని చేతికి మైనం పెట్టనే పెట్టం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పరీక్ష మానలేదు. కొవ్వొత్తులకు వాడే మైనం కరగడానికే సుమారు 60 డిగ్రీల వేడి కావాలి, అచ్చులో పోసేటప్పటికి ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆసుపత్రిలో అంత జాగ్రత్తపడే నేను మా వసారాలో ఎవరి చేయీ చూడలేదు. ఇది వైద్యం కాదు, ఆట అనుకున్నాను. చేతికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

నొప్పి తెలియని చేయి

షుగర్ చాలాకాలం ఉన్నవారిలో నరాలు దెబ్బతింటాయి. సాధారణంగా ముందు పాదాలకు తిమ్మిరి వస్తుంది, తర్వాత పైకి పాకుతుంది, చేతివేళ్లకు వచ్చేది ఆలస్యంగా. అందుకే పాదాలను జాగ్రత్తగా చూసుకునేవారు కూడా చేతుల సంగతి మరచిపోతారు. కుష్టువ్యాధిలో చేతి నరాలు ముందే దెబ్బతినవచ్చు. చిటికెనవేలు, దాని పక్కవేలు మొద్దుబారడం, వంకరపోవడం అలా వచ్చేదే. మన దేశం 2005 డిసెంబరులో జాతీయస్థాయిలో కుష్టు నిర్మూలన లక్ష్యాన్ని చేరుకున్నామని ప్రకటించింది. దాని అర్థం కొత్త రోగులు రావడం లేదని కాదు, ఇప్పటికీ వస్తున్నారు. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే జబ్బు నయమవుతుంది. అయితే నరం దెబ్బతినకముందే రావాలి.

నొప్పి లేకపోవడం ఎంత ప్రమాదమో లోకానికి తెలియజెప్పినవారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్టువల్ల ముడుచుకుపోయిన వేళ్లకు ఆపరేషను చేసి మళ్లీ కదిలేలా చేశారు. ఒకసారి తుప్పు పట్టిన తాళం ఆయన ఎంత తిప్పినా రాలేదట. రోగుల్లో ఒక చిన్న కుర్రవాడు వచ్చి ఒక్క తిప్పుతో తీసేశాడు. ఇంత బలం ఎక్కడిదని ఆయన ఆశ్చర్యపోయి చూస్తే, ఆ కుర్రవాడి వేలు ఎముక కనబడేలా తెగి ఉంది. వాడికి తెలియనే లేదు. మనం తాళంచెవిని గట్టిగా తిప్పుతుంటే ఒకచోట నొప్పి "ఇక చాలు" అంటుంది. ఆ కుర్రవాడికి ఆ మాట చెప్పేవారు లేరు.

ఆపరేషను అయిన యువకులకు బతుకుతెరువు కావాలని 1950ల తొలినాళ్లలో వెల్లూరులో ఒక నివాసం ఏర్పాటు చేశారు. అక్కడ వారు కలిసి ఉంటూ వడ్రంగం, చెక్కబొమ్మల పని నేర్చుకున్నారు. మన విషయానికి అసలు పనికివచ్చేది ఇక్కడే ఉంది. కుష్టు పుండ్లు జబ్బువల్ల వాటంతటవే వస్తాయని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. పని చేసే ఆ చేతులను ప్రతిరోజూ పరీక్షించాక ప్రతి పుండుకూ ఒక కారణం దొరుకుతూ వచ్చింది. సుత్తి పిడి గరుకు, వేడి గ్లాసు, పొడుచుకువచ్చిన మేకు. కొన్ని గాయాలు రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినవని కూడా తేలింది. కారణం తెలిశాక వారు పనిముట్టు మార్చారు, పిడి మార్చారు, ఎలుకల కోసం పిల్లులను పెంచారు. చేతిపనిని మాత్రం ఆపలేదు.

ఇది చదివి ఎన్నో ఏళ్లయింది. మామ్మ చేయి చూసిన రోజు గాని నాకు బోధపడలేదు.

పెన్నుతో పరీక్ష

మీరు కొత్త చేతిపని మొదలుపెట్టే రోజున ముందుగా ఇది చేయండి. ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు కళ్లు మూసుకుని అరచేయి పైకి పెట్టాలి. రెండవవారు మామూలు బాల్‌పెన్ మొనతో చాలా మెల్లగా, చర్మం కాస్త నొక్కుకునేంత మాత్రమే, ఒక్కొక్క వేలి చివర, అరచేతిలో బొటనవేలి కింద, చిటికెనవేలి కింద తాకాలి. ఒకే వరుసలో తాకకుండా అటూ ఇటూ మార్చండి. తాకినచోటును కళ్లు మూసుకున్నవారు రెండవ చేతి వేలితో చూపించాలి. ఒక్కచోట తెలియకపోయినా మళ్లీ చేసి చూడండి. అప్పుడూ తెలియకపోతే ఆ మనిషిని పంపేయకండి. ఆ రోజు వేడి, పదును లేని పని ఇచ్చి, ఆ వారంలోనే డాక్టరుకు చూపించమని చెప్పండి. చర్మంపై స్పర్శ లేని తెల్లటి లేదా రాగిరంగు మచ్చ ఉంటే తప్పక చూపించాలి.

మా గుంపులో ఈ పరీక్ష చేసినప్పుడు నవ్వులే నవ్వులు. చక్కిలిగిలి అని ఒకరు, పెన్నుతో బొమ్మ గీసేశావని ఒకరు. ఆ నవ్వుల మధ్యే మరొకామెకు ఎడమచేతి మూడు వేళ్లు సరిగా తెలియడం లేదని బయటపడింది. వయసు 40 దాటలేదు. షుగర్ లేదు, కుష్టూ కాదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది. రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి లేచి కూర్చునేదట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మణికట్టుకు పట్టీ, కొంత విశ్రాంతితో ఇప్పుడు చాలా నయం.

స్పర్శ తగ్గిన చేతికి కళ్లే కాపలా. పని అయ్యాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసుకోవాలి. ఎర్రదనం, పొక్కు, చీరుకున్న గీత ఉన్నాయేమో చూడాలి. చర్మం పొడిబారి పగుళ్లు వచ్చేవారు చేతులను మామూలు నీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకోవాలి. వేడినీళ్లు వద్దు.

ఎవరికి ఏ పని

అందరికీ ఒకే పని పెట్టాలన్న పట్టుదల వద్దు. కీళ్లనొప్పులున్నవారు సన్నని సూది, చిన్న కత్తెర పట్టుకుంటే గంటలో వేళ్లు బిగుస్తాయి. పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. 40 దాటినవారు "నా కళ్లకేం" అనకుండా దగ్గరచూపు అద్దాలు తెచ్చుకోవాలి. సూది ఎక్కించలేక పని మానేసినవారిని ఎంతోమందిని చూశాను. దానికి కావలసింది ఒక జత అద్దాలు మాత్రమే.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారికి మట్టి పిసకడం, పిండి కలపడం మంచివి. బాగున్న చేయి బలహీనమైన చేతిని వెంటబెట్టుకుని పనిలోకి దించుతుంది. భుజం పట్టేసినవారికి, షుగర్ ఉన్నవారికి ఇది ఎక్కువగా వస్తుంది, గోడమీద బొమ్మ గీయడంకంటే మంచి వ్యాయామం నాకు తెలియదు. గోడకు పెద్ద కాగితం అంటించి, నడుము ఎత్తున మొదలుపెట్టి వారం వారం కొంచెం పైకి గీస్తూ పోవాలి. సీతంపేట ప్రాంతపు సవరలు ఎర్రమట్టి పూసిన గోడమీద బియ్యప్పిండితో మనుషులను, చెట్లను, జంతువులను గీసే తీరు మీలో చాలామంది చూసి ఉంటారు. (సీతంపేట 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.) వారికి అది పూజకు సంబంధించిన బొమ్మ, కేవలం అలంకారం కాదు. కాబట్టి దానిని కాపీ చేయకుండా, మన వీధి, మన చెరువు, మన పెళ్లి గీసుకుందాం. ఆ గీత నేర్పే సులువును మాత్రం తీసుకుందాం.

ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే కిడ్నీ రోగులు, వారి కుటుంబాలు కూడా ఈ పత్రిక చదువుతారు. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేయి మీ ప్రాణాధారం. ఆ చేతితో బరువు లాగే పని, దారం గట్టిగా బిగించే పని చేయకండి. ఆ చేతికి బిగుతు గాజులు, దండకడియం వద్దు. డయాలసిస్ జరిగిన రోజున రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది, చిన్న కోత పడినా రక్తం త్వరగా ఆగదు. ఆ రోజు కత్తి, సూది ముట్టకుండా రంగులు వేసుకోండి, లేదా పక్కవారికి కబుర్లు చెప్పండి. ఇంకొక మాట. కూర్చున్నచోట అతిథి మర్యాదకని కొబ్బరినీళ్లు ఇస్తాం. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ రోగి మొహమాటపడి తాగకూడదు, మనం బలవంతం చేయకూడదు.

జీడిపిక్కల సంగతి కూడా చెప్పాలి. పలాస వైపు పిల్లలు పచ్చి పిక్కలు ఏరి బొమ్మలకు కళ్లుగా అంటిస్తారు. ఆ తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి బొబ్బలు తెస్తుంది. జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి చేతులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బదులుగా చింతపిక్కలు వాడండి.

రంగులు కొనేటప్పుడు పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు చవకరకం ఇంటి పెయింటు వేయకండి, కొన్నిటిలో సీసం ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడుకర్ర మీద లక్కతో వేసే రంగులు మొక్కలనుంచి తీసినవి. ఆ పద్ధతిని నిలబెట్టినందుకే సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మనకు అంత విద్య అవసరం లేదు. పసుపు, బీట్‌రూటు, కాఫీ డికాక్షను, ఇటుకపొడి చాలు.

గొప్ప పనివారితో పోల్చుకోకండి

మన జిల్లాల్లో గొప్ప చేతిపనులు ఉన్నాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి వీణ చేస్తారు. బుడితిలో ఇత్తడి పోతపోస్తారు. పొందూరు స్త్రీలు వాలుగచేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసి, 100 కౌంటు నూలు వడుకుతారు. ఆ చేప పళ్లు ఎంత సన్నగా, ఎంత వరుసగా ఉంటాయో ఒకసారి చూడండి, ఏ దువ్వెనా అలా ఉండదు. తొలిసారి రాట్నం ముందు కూర్చున్నవారి దారం పదిసార్లు తెగుతుంది. పొందూరు అవ్వలకు కూడా ఒకప్పుడు తెగినదే.

ఇవన్నీ ఏళ్లతరబడి నేర్చిన బతుకుతెరువులు. మనం చేసేది వేరు. అమ్మకానికి చేద్దామన్న ఆలోచన మా గుంపులోనూ ఒకసారి వచ్చింది. నేను వద్దన్నాను. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఒక పుస్తకం రాశారు. ఇంటిపని అంతా చేసుకుని, ఆపైన రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లినా వారికి దక్కేది అతి తక్కువ కూలి అని, దానిని పనిగా కూడా లెక్కించక తీరిక వేళ కాలక్షేపంగానే చూసేవారని ఆమె చూపించారు. చేతిలో ఉన్నది ఒకే సూది, ఒకే దారం కావచ్చు. గడువుకు, కూలికి తలవంచి చేస్తే కళ్లు, మెడ అరిగిపోతాయి. డబ్బు అవసరమైనవారు న్యాయమైన ధర వచ్చే దారి చూసుకోవాలి, అది తప్పు కాదు. దానిని ఈ శనివారాలతో కలపవద్దనే నా మాట.

ఇంతకీ ఈ కూర్చోవడంవల్ల ఏమిటి లాభం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని ఆ నివేదిక అంచనా వేసింది. అదే సంస్థ యూరప్ విభాగం 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై 900కు పైగా ప్రచురణలను పరిశీలించి, జబ్బు రాకుండా చూడటంలోనూ, వచ్చాక ఓదార్పులోనూ కళలు సాయపడతాయని చెప్పింది. అయితే బుట్ట అల్లితే షుగర్ తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మందులు ఆపకండి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, చావాలనే ఆలోచన ఉంటే చేతిపని సరిపోదు, డాక్టరును కలవాలి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మామ్మ సంగతి

ఫిబ్రవరి చివర మేము ఇద్దరం ఆవిడ ఇంటికి వెళ్లాం. బాల్‌పెన్ను తీసుకువెళ్లాను. రెండు చేతులూ పరీక్షించి, ఎక్కడెక్కడ తెలియడం లేదో ఒక కాగితం మీద చేతిబొమ్మ గీసి గుర్తులు పెట్టాను. కుడిచేతి మూడు వేళ్ల చివర్లు, ఎడమచేతి రెండు. ఆ కాగితాన్ని ఫోనులో కొడుక్కి పంపి, జరిగిన తప్పు నాదేనని, ఇకనుంచి వేడిపని, పదునుపని ఆవిడకు ఇవ్వబోమని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మ రెణ్ణెల్లుగా ఫోనులో కూడా సరిగా మాటాడట్నేదు మేడమ్. తీసుకెళ్లండి" అన్నాడు.

"మరి నానేటి చెయ్యాల? నాకు సూది గుచ్చుకున్నా తెలవదు కదా," అంది మామ్మ.

బొంత కుట్టడం మాలో ఎవరికీ రాదు. పాత నూలుచీరలు ఎన్ని మడతలు వేయాలి, అంచు ఎక్కడ పెట్టాలి, మధ్యలో గుడ్డ ముడతపడకుండా ముందుగా ఎక్కడ టాకాలు వేయాలి, అవన్నీ ఆవిడకు తెలుసు. ఆవిడ చాప మీద కూర్చుని చీరలు పరుస్తుంది, మడత సరిచేస్తుంది, మేం కుడతాం. సూది ముట్టనియ్యలేదు. మూడో వారానికి ఊరుకోలేక తనే అడిగింది. దర్జీలు వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీలు మూడు తెప్పించి, లావుపాటి మొద్దుసూది ఇచ్చి, పట్టపగలు వెలుతురులో మాత్రం కుట్టమన్నాం. పక్కన ఒకరు కూర్చుంటారు. పని అయ్యాక ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటారు.

మా కుట్లు చూసి ఆవిడ ఊరుకోదు. "ఏటే గుంటా, ఇది కుట్టా, సీమల దారా?" అంటుంది. నాదైతే రెండుసార్లు విప్పించింది.

ఇప్పటికి నాలుగు బొంతలు పూర్తయ్యాయి. ఒకటి ప్రసూతి వార్డుకు ఇచ్చాం, ఒకటి ఆవిడ మనవరాలికి వెళ్లింది. అయిదోది సగంలో ఉంది. మీ ఇంట్లో మెత్తబడిన నూలుచీరలు ఉంటే ఉతికి, ఎండబెట్టి తీసుకురండి. సిల్కు, పాలిస్టరు వద్దు, మడత నిలవదని మామ్మ ఒప్పుకోదు. దగ్గరచూపు అద్దాలు మరచిపోకండి. బాల్‌పెన్ను మా దగ్గర ఉంటుంది.